శుక్లం తీసేటప్పుడే నీటికాసుల సంగతి కూడా

(ప్రపంచ గ్లకోమా (నీటికాసుల) వారం సందర్భంగా ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో జరిగిన తెలుగువారి సమావేశంలో ఒక నేత్రవైద్యులు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తప్ప మరేమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, మొదటి వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. కళ్ళ డాక్టరు మాట్లాడతాడంటే ఎందుకో అందరూ వెనకే కూర్చుంటారు. పిలిచి టార్చిలైటు కొడతాడని భయం కాబోలు. కొట్టను, రండి.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను. మీలో శుక్లం ఆపరేషన్ అయినవాళ్ళు చేతులెత్తండి. ఆహా, చాలామందే ఉన్నారు. చేతులు దించకండి, ఇంకో ప్రశ్న ఉంది. ఆపరేషన్‌కి ముందు మీ కంటి ప్రెషర్ ఎంత ఉందో మీకు తెలుసా? ఆ అంకె తెలిసినవాళ్ళు మాత్రం చెయ్యి అలాగే ఉంచండి, మిగతావాళ్ళు దించేయండి. చూశారా? ఇద్దరో ముగ్గురో మిగిలారు. ప్రెషర్ చూసే ఉంటారు, చాలాచోట్ల చూస్తారు. కానీ వాళ్ళు చెప్పలేదు, మీరు అడగలేదు. ఇవాళ నేను మాట్లాడేదంతా ఆ అడగడం గురించే.

శుక్లం అంటే మీకందరికీ తెలుసు. ఇక్కడి ఒడియా డాక్టర్లు మోతియాబిందు అంటారు. కంటి లోపలున్న లెన్సు వయసుతో మసకబారుతుంది. ఆ లెన్సు తీసి ప్లాస్టిక్ లెన్సు పెడితే చూపు వస్తుంది. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు మొదటిసారి మనిషి కంట్లో కృత్రిమ లెన్సు పెట్టాడు. అంతకుముందు శుక్లం తీస్తే సోడాసీసా అద్దాలు పెట్టుకోవాల్సిందే. మీ తాతగారి ఫోటోల్లో ఉంటాయి ఆ అద్దాలు. ఇప్పుడు ఆ బాధ లేదు. శుక్లం అంటే, పోయిన చూపు తిరిగొచ్చే జబ్బు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

నీటికాసులు, అంటే గ్లకోమా, అలాంటిది కాదు. అందులో చెడేది కంటి నరం. కంటి నుంచి మెదడుకి వెళ్ళే ఆ నరంలో సుమారు 10 లక్షల పోగులు ఉంటాయి. అవి ఒక్కొక్కటే చచ్చిపోతూ ఉంటాయి. చచ్చిన పోగు మళ్ళీ రాదు. మందుతో రాదు, లేజర్‌తో రాదు, ఆపరేషన్‌తో రాదు, అమెరికా వెళ్ళినా రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవడమే వైద్యం. పైగా నొప్పి ఉండదు. మొదట పక్క చూపు పోతుంది. మధ్యలో చూపు బాగానే ఉంటుంది కాబట్టి పేపరు చదువుతాం, టీవీ చూస్తాం, కానీ బండి చక్రం పక్కకి గేదె వచ్చిందాకా అది కనపడదు. మన దేశంలో కోటి మందికి పైగా ఈ జబ్బు ఉందని అంచనా. అందులో పదిమందిలో తొమ్మిదిమందికి తమకి ఉందనే తెలియదు.

ఇప్పుడు ఈ రెండూ ఒకే కంట్లో ఉంటే? ఉండకుండా ఎలా ఉంటాయి చెప్పండి. రెండూ వయసుతో వచ్చేవే. అరవై దాటిన మనిషికి చూపు తగ్గితే ఇంట్లో అందరూ ఏమంటారు? 'శుక్లం వచ్చింది, ముదరనీ, అప్పుడు తీయిద్దాం' అంటారు. శుక్లం నిజంగానే ఉంటుంది. దాని వెనక నరం కూడా పోతోందని ఎవరికీ అనుమానం రాదు. మసకంతా శుక్లం ఖాతాలోకి వెళ్ళిపోతుంది. తీరా ఆపరేషన్ చేశాక, 'డాక్టరు సరిగా చేయలేదు, చూపు రాలేదు' అంటారు. డాక్టరు సరిగానే చేశాడు. నరం అప్పటికే పోయింది.

ఈ 'ముదరనీ' అనే మాట మీద నాకు కోపం ఉంది, అందుకని ఇక్కడ కాసేపు ఆగుతాను. ముదరాలి అనడానికి ఒకప్పుడు కారణం ఉండేది. పాత పద్ధతిలో గట్టిపడిన శుక్లం తీయడం డాక్టరుకి సులువు. ఇప్పుడు ఆ అవసరం లేదు. ముదరనిస్తే ఏమవుతుందో తెలుసా? లెన్సు ఉబ్బుతుంది. ఉబ్బిన లెన్సు ముందుకి తోసి, కంట్లో నీరు బయటికి పోయే దారిని మూసేస్తుంది. లేదా బాగా ముదిరిన లెన్సు కరిగి, అందులోని ప్రోటీన్ కారి, ఆ దారిని పూడ్చేస్తుంది. రెండిట్లో ఏది జరిగినా ప్రెషర్ ఒక్కసారిగా పెరిగిపోతుంది. కన్ను ఎర్రగా నిప్పులా అవుతుంది, తల పగిలిపోతుంది, వాంతులు అవుతాయి. వాంతులు కదా అని కడుపు డాక్టరు దగ్గరికి తీసుకెళతారు. సెలైన్ ఎక్కిస్తారు. రెండు రోజులు పోతాయి. ఆ రెండు రోజుల్లో నరం పోతుంది. గజపతి కొండల మీద నుంచి, కాశీనగర్ వైపు నుంచి ఇలాంటి కళ్ళతో ఇప్పటికీ వస్తున్నారు. అందుకని, పెద్దవాళ్ళకి కన్ను ఎర్రబడి, నొప్పి పెట్టి, వాంతులు కూడా అవుతుంటే ఆ రోజే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మర్నాటికి ఆగకండి.

ఏమన్నారు మాస్టారూ? బీపీ మామూలుగానే ఉంటే కంటి ప్రెషర్ కూడా బాగానే ఉన్నట్టేనా అంటున్నారు. మంచి ప్రశ్న. కాదండీ. అది వేరు, ఇది వేరు. చేతికి పట్టీ కట్టి చూసేది రక్తం ప్రెషర్. కంటి ప్రెషర్ అంటే కంటి లోపలి నీటి ఒత్తిడి, దానికి వేరే మిషన్ ఉంటుంది. మామూలుగా అది 10 నుంచి 21 మధ్య ఉంటుంది. ఒక్క మెలిక ఉంది. 21 లోపలే ఉన్నా నరం చెడేవాళ్ళు ఉన్నారు. 24 ఉన్నా చెడనివాళ్ళూ ఉన్నారు. అందుకే అంకె ఒక్కటీ చూసి వదిలేయకూడదు, నరం కూడా చూడాలి.

సరే, లేజర్‌లోకి వెళ్ళేముందు ఒక చెరువుని ఊహించుకోండి. ఏ ఊరి చెరువైనా సరే. ఒక వైపు కాలవలోంచి నీళ్ళు వస్తాయి, ఇంకో వైపు తూములోంచి పోతాయి. వచ్చేవీ పోయేవీ సమానంగా ఉంటే చెరువు బాగుంటుంది. తూము పూడిపోతే? గట్టు మీద ఒత్తిడి పెరుగుతుంది. కన్ను కూడా అంతే. లెన్సు పక్కన, రంగు తెర వెనక, అంటే కనుపాప చుట్టూ రంగుగా కనపడే ఆ తెర వెనక, చుట్టూ ఒక కండ ఉంటుంది. అక్కడ నీరు ఊరుతుంది. ఆ నీరు కనుపాపలోంచి ముందుకి వచ్చి, తెల్లగుడ్డూ నల్లగుడ్డూ కలిసే మూలలో జల్లెడలాంటి దారిలోంచి బయటికి పోతుంది. కన్నీళ్ళకీ దీనికీ సంబంధం లేదు, ఇది లోపలి నీరు.

గ్లకోమాకి ఏ వైద్యం చేసినా ఈ మూడిట్లో ఒకటి చేస్తాం. తూము బాగుచేయడం, కాలవలో నీళ్ళు తగ్గించడం, గట్టుకి కొత్త గండి కొట్టడం. గండి కొట్టడం అంటే ట్రాబెక్యులెక్టమీ ఆపరేషన్. 1968 నుంచి చేస్తున్నారు. పెద్ద ఆపరేషనే, బాగా పనిచేస్తుంది, కానీ ఆ తర్వాత జీవితాంతం ఆ కన్నుని జాగ్రత్తగా చూసుకోవాలి. మిగతా రెండు పనులూ లేజర్‌తో చేయొచ్చు.

ఏ లేజర్?

ఇక్కడే అసలు గందరగోళం. 'మా బావకి కంటికి లేజర్ కొట్టారు' అంటారు. ఏ లేజర్ అండీ? తెలియదు. 'లేజర్‌తో శుక్లం తీశారు' అంటారు. సాధారణంగా తీసింది లేజర్‌తో కాదు. ఫేకో అనే పద్ధతిలో శబ్ద తరంగాలతో లెన్సుని ముక్కలు చేసి లాగేస్తారు. చార్లెస్ కెల్మన్ అనే అమెరికన్ డాక్టరు 1967లో మొదలుపెట్టాడు. క్యాంపుల్లో చేసేది చిన్న కోతతో చేత్తో తీసే పద్ధతి, అందులోనూ లేజర్ ఉండదు. లేజర్‌తో కొంత భాగం చేసే మిషన్లు పెద్ద నగరాల్లో ఉన్నాయి, ఖరీదైనవి. అవి మనకి ఇవాళ అనవసరం.

మరి శుక్లం ఆపరేషన్ అయిన రెండేళ్ళకి 'మళ్ళీ పొర వచ్చింది, లేజర్ కొట్టారు' అంటారే, అదేమిటి? అది యాగ్ లేజర్. కొత్త లెన్సు వెనకున్న సంచి మసకబారితే దానికి చిన్న కిటికీ తెరుస్తారు. ఐదు నిమిషాల పని. దానికీ గ్లకోమాకీ సంబంధం లేదు.

అదే యాగ్ మిషన్‌తో రంగు తెరలో సూదిమొనంత కన్నం పెడితే అది ఇరిడాటమీ. తూము మూల ఇరుకైపోయి, నీరు వెనక చిక్కుకుపోయేవాళ్ళకి పెడతారు. మన దేశంలో ఈ ఇరుకు మూల గ్లకోమా తక్కువేమీ కాదు. ఆడవాళ్ళలో ఎక్కువ, దూరం చూపుకి ప్లస్ అద్దాలు పెట్టుకునే చిన్న కళ్ళవాళ్ళలో ఎక్కువ.

ఇంకొకటి ఎస్ఎల్‌టీ. ఆకుపచ్చ లేజర్. తూములోని జల్లెడ మీద సన్నని దెబ్బలు కొడితే నీరు పోవడం మెరుగవుతుంది. నొప్పి ఉండదు, ఓపీలో కూర్చోబెట్టే చేస్తారు, థియేటర్ అక్కర్లేదు. మూల తెరుచుకుని ఉన్నవాళ్ళకే పనికొస్తుంది. 2019లో ఇంగ్లండ్ వైద్యులు 718 మంది మీద చేసిన పెద్ద పరీక్ష ఫలితం లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మొదటే ఎస్ఎల్‌టీ చేయించుకున్నవాళ్ళలో సుమారు నలుగురిలో ముగ్గురికి మూడేళ్ళ దాకా చుక్కల మందు అవసరపడలేదు. ఇది శాశ్వతం కాదు, కొన్నేళ్ళకి ప్రభావం తగ్గుతుంది, మళ్ళీ చేయొచ్చు.

నాలుగోది కాలవలో నీళ్ళు తగ్గించే లేజర్. నీరు ఊరే కండని కొద్దిగా కాల్చడం. కంటి బయట నుంచే ప్రోబ్, అంటే పెన్నులాంటి లేజర్ కడ్డీ, ఆనించి చేయొచ్చు. లేదా కంటి లోపలికి చిన్న కెమెరా పంపి, కండని కళ్ళారా చూస్తూ చేయొచ్చు. ఈ రెండోదాన్ని ఎండోస్కోపిక్ లేజర్ అంటారు, పొట్టిగా ఈసీపీ. అమెరికాలో మార్టిన్ యురామ్ అనే డాక్టరు 1990ల మొదట్లో దీన్ని తీసుకొచ్చాడు. శుక్లంతో కలిపి చేసే లేజర్ అంటే ముఖ్యంగా ఇదే.

ఒకే కోతలో రెండు పనులు

ఎలా చేస్తారో చెబుతాను, భయపడకండి. భయపడేవాళ్ళు కాసేపు సెల్‌ఫోన్ చూసుకోండి, పర్వాలేదు. కంటికి మత్తు ఇస్తారు. మామూలుగా శుక్లం తీసి కొత్త లెన్సు పెడతారు. ఇక్కడితో మామూలు ఆపరేషన్ అయిపోతుంది. ఆ తర్వాత అదే కోతలోంచి, రంగు తెరకీ కొత్త లెన్సుకీ మధ్య జెల్‌లాంటి పదార్థం ఎక్కించి కాస్త చోటు చేస్తారు. అందులోంచి సన్నని ప్రోబ్ పంపుతారు. వెలుతురు, కెమెరా, లేజర్ మూడూ ఆ ఒక్క ప్రోబ్‌లోనే ఉంటాయి. టీవీ తెర మీద నీరు ఊరే ముడతలు కనపడతాయి. కంటి చుట్టూ దాదాపు 70 ఉంటాయి. ఒక్కొక్క దాని మీద లేజర్ పడగానే అది తెల్లబడి ముడుచుకుంటుంది. చుట్టూ మూడొంతులు చేస్తారు, అవసరమైతే మొత్తం చుట్టూ చేస్తారు. జెల్ శుభ్రంగా తీసేస్తారు. కోత కొత్తది లేదు, మత్తు కొత్తది లేదు, అదనంగా పట్టేది కొద్ది నిమిషాలే.

ఎందుకు కలపాలి? వేరే వేరేగా చేయకూడదా? చేయొచ్చు. హైదరాబాదులో ఆసుపత్రి పక్క వీధిలో ఉన్న మనిషికి నేనూ అలాగే చెబుతానేమో. మీ సంగతి వేరు. గుణుపురం నుంచో, రాయగడ లోపలి నుంచో, సెరంగో కొండల నుంచో వచ్చే మనిషిని తీసుకోండి. తోడు ఒక మనిషి రావాలి, ఆ మనిషికి ఆ రోజు కూలి పోతుంది. ఒక ఆపరేషన్‌కి రావడమే గొప్ప. 'మూడు నెలలకి మళ్ళీ రా అమ్మా, గ్లకోమాకి వేరే చేద్దాం' అంటే వస్తుందా? రాదు. చూపు వచ్చేసింది కదా, ఇంకెందుకు వస్తుంది? శుక్లం ఆపరేషన్ రోజు ఆ మనిషి థియేటర్ బల్ల మీద ఉంది. ఆ అవకాశం మళ్ళీ దొరకకపోవచ్చు.

రెండోది చుక్కల మందు. గ్లకోమా చుక్కలు రోజూ వేయాలి, జీవితాంతం వేయాలి. ఒక్కొక్కరికి రెండు మూడు సీసాలు. వణికే చేతులతో కంట్లో ఒక చుక్క పడేసరికి నాలుగు చుక్కలు చెంప మీద పడతాయి. సీసా పది రోజులకే అయిపోతుంది. కొన్ని సీసాలు తెరిచేదాకా ఫ్రిజ్‌లో ఉంచాలి. ఫ్రిజ్ ఎక్కడుంది? టిమోలాల్ అనే చుక్క చాలా చవక, బాగా పనిచేస్తుంది, కానీ ఉబ్బసం ఉన్నవాళ్ళకి ప్రమాదం. కంట్లో వేసిందే ముక్కులోకి దిగి, రక్తంలో కలిసి ఊపిరి బిగబట్టేస్తుంది. గుండె నెమ్మదిగా కొట్టుకునేవాళ్ళకీ పనికిరాదు. ఉబ్బసం ఉంటే కళ్ళ డాక్టరుకి కూడా చెప్పండి. కంటికీ ఉబ్బసానికీ ఏం సంబంధం అనుకుని చాలామంది చెప్పరు. లేజర్ చేస్తే ఈ చుక్కలు తగ్గుతాయి. మూడు సీసాలు వాడేవాళ్ళకి ఒకటికి రావచ్చు, కొందరికి పూర్తిగా ఆగిపోవచ్చు. తగ్గుతాయి అంటున్నాను, అందరికీ పోతాయి అనడం లేదు.

ఇక ఇరుకు మూల ఉన్నవాళ్ళకి శుక్లం ఆపరేషనే సగం వైద్యం. వయసు పైబడ్డాక లెన్సు నాలుగైదు మిల్లీమీటర్ల మందం అవుతుంది. దాని బదులు పెట్టే కృత్రిమ లెన్సు ఒక్క మిల్లీమీటరు ఉంటుంది. ఎంత చోటు ఖాళీ అయిందో చూడండి! తూము మూల తెరుచుకుంటుంది. 2016లో లాన్సెట్‌లోనే వచ్చిన ఈగిల్ అనే పరీక్షలో, ప్రెషర్ ఎక్కువగా ఉన్న ఇరుకు మూలవాళ్ళలో లేజర్ కన్నం పెట్టడం కన్నా ముందే లెన్సు తీసేయడం మెరుగని తేలింది. అందులో వాళ్ళకి శుక్లం కూడా లేదు, తేట లెన్సులే తీశారు. కాబట్టి ఇరుకు మూల, శుక్లం రెండూ ఉన్న మనిషి 'ముదరనీ' అని కూర్చోవడానికి ఏ కారణమూ లేదు. మూల తెరిచి ఉన్నవాళ్ళలో కూడా శుక్లం తీస్తే ప్రెషర్ కొద్దిగా దిగుతుంది, కానీ అది అందరికీ సరిపోదు. అక్కడ లేజర్ తోడు కావాలి.

ఇంతవరకు బాగానే చెప్పాను కదా, ఇప్పుడు రెండో వైపు కూడా చెప్పాలి. లేకపోతే రేపు అందరూ వచ్చి 'ఆ కలిపి చేసేది చేసేయండి' అంటారు.

ఇది అందరికీ కాదు. జబ్బు మొదటి దశలోనో మధ్య దశలోనో ఉండి, ప్రెషర్ ఇంకాస్త దిగితే చాలు అనేవాళ్ళకి సరిపోతుంది. నరం చాలా భాగం పోయి, ప్రెషర్ బాగా కిందికి, 12 దగ్గరికి తేవాల్సినవాళ్ళకి ఈ లేజర్ బలం చాలదు. వాళ్ళకి శుక్లంతో పాటు ఆ గండి కొట్టే ఆపరేషన్ కలపాలి. కంట్లో అప్పటికే వాపు జబ్బు ఉన్నవాళ్ళకి లేజర్ మంచిది కాదు, వాపు ఇంకా పెరుగుతుంది. మామూలు కంటికి కూడా ఆపరేషన్ మర్నాడు ప్రెషర్ ఒక్కసారి పెరగొచ్చు. అందుకే మర్నాడు తప్పకుండా చూపించుకోవాలి, రాత్రికి రాత్రే ఊరు వెళ్ళిపోకూడదు. కొందరికి రెటీనా, అంటే కంటి వెనక పొర, మధ్యలో నీరు చేరి కొన్ని వారాలు మసకగా ఉంటుంది. చాలా అరుదుగా ప్రెషర్ మరీ పడిపోతుంది. కాల్చిన కండని మళ్ళీ మామూలు చేయలేం కాబట్టి అవసరమైనంతే కాల్చాలి. ఇంకో మాట. ఈసీపీ మీద ఎస్ఎల్‌టీకి ఉన్నంత గట్టి పోలిక పరీక్షలు లేవు. నేను దీన్ని ఇష్టపడతాను, కానీ ఆ తేడా మీకు చెప్పకుండా ఉండలేను.

ఈ మిషన్ ప్రతి ఊళ్ళోనూ ఉండదు. లేనిచోట ఏం చేయాలి? బయట నుంచి ప్రోబ్ ఆనించే లేజర్ ఉంటే శుక్లం రోజే, అదే మత్తులో చేయొచ్చు. అదీ లేకపోతే, మూల తెరుచుకుని ఉంటే శుక్లానికి ముందే ఎస్ఎల్‌టీ చేయించుకుని రావచ్చు. శుక్లం తీశాక కొన్ని నెలలకైనా చేయించుకోవచ్చు. దారులు చాలా ఉన్నాయి. కానీ ఏ దారైనా, జబ్బు ఉందని ఆపరేషన్‌కి ముందు తెలిస్తేనే.

అందుకని ఆసుపత్రిలో ఏం అడగాలో చెబుతాను, అమ్మాయిలు రాసుకోండి, మీరే కదా పెద్దవాళ్ళని తీసుకెళ్ళేది. కంటి ప్రెషర్ ఎంత? మూల తెరిచి ఉందా, ఇరుకుగా ఉందా? దాన్ని గోనియో అనే అద్దం పెట్టి చూస్తారు, చూశారా అని అడగండి. నరం ఎలా ఉంది? గ్లకోమా ఉందంటే, శుక్లంతో కలిపి ఏమైనా చేయొచ్చా? ఇంతే. డాక్టర్లు విసుక్కుంటారేమో అనుకోకండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి, మళ్ళీ అడగండి. ఇంకా ఒకటి. లెన్సు ఎంచుకునేటప్పుడు 'దూరం, దగ్గర రెండూ కనపడే ఖరీదైన లెన్సు పెట్టుకోండి' అంటారు. గ్లకోమాలో నరం దెబ్బతిన్నవాళ్ళకి అది సాధారణంగా మంచిది కాదు, వెలుతురు తేడాలు పట్టే శక్తి ఇంకా తగ్గుతుంది. మామూలు లెన్సే చాలు. డబ్బు కూడా మిగులుతుంది.

కాగితాల సంగతి. మన సరిహద్దు మనుషులకి ఇది ప్రత్యేకం. పాతపట్నంలో ఒకసారి, శ్రీకాకుళంలో ఒకసారి, బరంపురంలో ఒకసారి, విశాఖలో ఒకసారి చూపిస్తారు. ప్రతిచోటా కొత్త చీటీ. పాత చీటీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. గ్లకోమా పెరుగుతోందా ఆగిందా అన్నది ఒక్కరోజు పరీక్షతో తేలదు. పోయినేడాది రిపోర్టు పక్కన ఈ ఏడాది రిపోర్టు పెట్టి చూడాలి. ఫీల్డ్ టెస్టు (పక్క చూపు పరీక్ష), నరం స్కాను, ప్రెషర్ అంకెలు అన్నీ ఒక ఫైలులో పెట్టండి. ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకున్నా మంచిదే. అలాగే ఒడిశా ఆరోగ్య కార్డు ఆంధ్రాలో ఆసుపత్రిలో చెల్లుతుందో లేదో, ఈ లేజర్ అందులో వస్తుందో లేదో బయల్దేరకముందే ఫోన్ చేసి కనుక్కోండి. అక్కడికి వెళ్ళాక తెలిస్తే వెనక్కి రావాల్సి వస్తుంది.

ఏమిటమ్మా? గట్టిగా చెప్పండి. దురదకి మందుల షాపులో ఇచ్చిన చుక్కలు ఏడాదిగా వేస్తున్నారట. పేరు తెలుసా? తెల్లగా పాలలా ఉంటుందా? కదిపి వేయాలా? అయితే అందులో స్టెరాయిడ్ ఉండొచ్చు. సీసా తీసుకొచ్చి నాకు చూపించండి. స్టెరాయిడ్ చుక్కలతో ఎరుపు ఒక్కరోజులో పోతుంది, అందుకే అందరికీ ఇష్టం. నెలల తరబడి వేస్తే కొందరికి ప్రెషర్ పెరిగిపోతుంది, శుక్లం కూడా తొందరగా వస్తుంది. ఒకే సీసాతో రెండు జబ్బులు. మేలు చేసే మందు కీడు చేయడం ఈ ఊరికి కొత్త కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడ బడిలో పాఠాలు చెబుతూ సవరల భాష నేర్చుకోవడానికి కొండలు తిరిగారు. మన్యపు జ్వరం వస్తే క్వినైన్ వాడారు, వినికిడి పోయింది. ఆ రోజుల్లో వేరే మందు లేదు పాపం. మనకి ఆ ఇబ్బంది లేదు కదా, డాక్టరుని అడిగి వేసుకోవచ్చు కదా. శుక్లం ఆపరేషన్ తర్వాత మేము కూడా స్టెరాయిడ్ చుక్కలు ఇస్తాం, కొన్ని వారాలకి, తగ్గించుకుంటూ. తేదీ రాసి ఇస్తాం. ఆ తేదీకి ఆపేయాలి. 'బాగా పనిచేస్తోంది' అని ఇంకో సీసా కొనకండి. కలిపి లేజర్ చేయించుకున్నవాళ్ళకి ఇది మరీ ముఖ్యం.

అక్కడ పెద్దాయన అడుగుతున్నారు, ఆపరేషన్, లేజర్ అయ్యాక గ్లకోమా చుక్కలు వెంటనే మానేయొచ్చా అని. వద్దు బాబూ. డాక్టరు చెప్పేదాకా వద్దు. లేజర్ ప్రభావం ఎంతుందో తేలడానికి వారాలు పడుతుంది. ప్రెషర్ చూసి ఒక్కొక్క సీసా తగ్గిస్తారు. అన్నీ ఆగిపోయినా సరే, ఆరు నెలలకోసారి చూపించుకోవాలి.

అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ వస్తుందా అంటున్నారా? అవును, వచ్చే అవకాశం ఎక్కువ. ఇంట్లో ఒకరికి ఉందని తేలితే నలభై దాటిన తోబుట్టువులు, పిల్లలు అందరూ చూపించుకోవాలి. పెళ్ళిళ్ళకి అందరూ కలుస్తారు కదా, అప్పుడు చెప్పండి.

ఇక చాలు, టీ వస్తోంది. పక్క గదిలో మా వాళ్ళు ప్రెషర్ చూస్తున్నారు, నలభై దాటినవాళ్ళు అటు వెళ్ళండి. ముందు ప్రెషరు, మూల చూస్తారు. మూల ఇరుకుగా లేనివాళ్ళకే కనుపాప పెద్దది కావడానికి చుక్కలు వేస్తారు. అవి వేస్తే మూడు నాలుగు గంటలు మసకగా ఉంటుంది. బైకు మీద వచ్చినవాళ్ళు చుక్కలు వేయించుకుని బండి నడపకండి, వెనకాల కూర్చుని వెళ్ళండి. తోడు లేనివాళ్ళు ఇవాళ ప్రెషర్ వరకు చూపించుకుని, నరం పరీక్షకి ఇంకో రోజు మనిషిని వెంటబెట్టుకుని రండి. సాయంత్రం రైలుకి వెళ్ళాల్సినవాళ్ళని లైన్‌లో ముందుకి పంపించండి, మిగతావాళ్ళు కాస్త సర్దుకోండి.